ఆది జాకెట్టు

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో, సాయిలు లేడీస్ టైలర్ దుకాణం. మధ్యాహ్నం మూడున్నర. మిషన్ వెనక సాయిలు, ఎదురుగా స్టూళ్ల మీద అత్తాకోడళ్లు స్వరాజ్యం, మధులత. మధులతకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఏడాదిన్నర. తీసేసిన చోట రొమ్మును మళ్లీ నిర్మించే ఆపరేషన్‌కు గురువారం తేదీ దొరికింది. ఆ తేదీ ఉంచాలో వద్దో నాలుగింటిలోపు పంజాగుట్ట దవాఖానకు చెప్పాలి. ఫోను ఆమె ఒళ్లోనే ఉంది.

"ఫ్లాప్ అయితదని ముందుగాలనే చెప్పినంక గా ఆపరేషన్ ఎవరన్న చేయించుకుంటరా సాయిలూ? నువ్వే చెప్పు."

"ఫ్లాప్ అని ఎవరు చెప్పిండ్రు పెద్దమ్మా?"

"ఇంకెవరు, డాక్టరే! పోయిన సోమవారం నేను దీని పక్కనే కూసున్న. 'మీకు ఫ్లాప్ చేస్తమమ్మా' అన్నడు. నవ్వుకుంట అన్నడు!"

"అబ్బో, గింత నిజాయితీ ఉన్న డాక్టరా! సినిమావోళ్లు రిలీజై వారమైనా ఒప్పుకోరు. ఈయన గురువారం కోసి, శుక్రవారం టాక్ సుత ముందే చెప్పిండు."

"అన్నా, నువ్వు సుత మొదలువెట్టకు. అత్తమ్మా, వంద సార్లు చెప్పిన నీకు. గా ఫ్లాప్ వేరు. నా పొట్ట కింద చర్మం, కొవ్వు ఉన్నది కదా, దాన్ని రక్తనాళంతోని సహా తీసి ఇక్కడ అతుకుతరు. ఆ ముక్క పేరు ఫ్లాప్. ఫెయిలైతదని కాదు."

"పేరే గట్ల పెట్టుకున్నోళ్లకు పని ఎట్ల కలిసొస్తది?"

"ఆగు పెద్దమ్మా, ఆగు, నాకు సమజైంది. అంటే రన్నింగ్ బ్లౌజ్ అన్నట్టు!"

"ఏం బ్లౌజ్?"

"చీర చివర్న జాకెట్టు ముక్క కలిపే ఇస్తరు కదా. అదే తాను, అదే రంగు. కోసుడు, కుట్టుడు. మ్యాచింగ్ సెంటర్ల చుట్టు తిరిగే తిప్పల లేదు. మేడం చీరల నుంచే మేడం జాకెట్టు."

"అట్లనే అన్నా. ఇంత మంచిగ డాక్టర్ సుత చెప్పలే."

"మేం ఒకటే జాతి మేడం. ఆయన కోస్తడు, కుడ్తడు. నేను కోస్త, కుడ్త. ఫరక్ ఒక్కటే, నా తాన ట్రయల్ ఉంటది. మరి లోపల ఏదో సంచి సుత పెడ్తరంట కదా?"

"పెడ్తరు, సిలికాన్‌ది. కొందరికి అదే సరిపోతది. నాకు రోజూ పోయి కరెంటు, గదే రేడియేషన్, పెట్టిచ్చుకున్నంక చర్మం గట్టిపడ్డది. దాని కింద సంచి పెడ్తే ఇబ్బందులు ఎక్కువ, మీ సొంతదే మేలు అన్నరు."

"ఇస్త్రీ ఎక్కువ తగిలిన గుడ్డ. సాగదు, లాగితే పిగులుతది. నాకెర్కే."

"మంచిగ కలిసిండ్రు ఇద్దరు! దీన్ని నీ తానికి ఎందుకు తోల్కొచ్చిన్నో అది మరిచి, దీనికే తాళం కొడ్తున్నవు. ప్లాస్టిక్ సర్జరీ అంట సాయిలూ. ప్లాస్టిక్! ఒంట్ల పెట్టుకుంటే ఎండకాలం కరుగదా?"

"దాంట్ల ప్లాస్టిక్ ఉండదు అత్తమ్మా."

"పేరు ఫ్లాప్, ఫ్లాప్ కాదు. పేరు ప్లాస్టిక్, ప్లాస్టిక్ ఉండదు. మరి డాక్టరన్న ఉన్నడా, ఆయన సుత ఉత్త పేరేనా?"

"పెద్దమ్మా, నువ్వు దుకాణం పెడ్తే నాకు గిరాకి ఉండదు. సరే, వాళ్లది ప్లాస్టిక్ సర్జరీ, నాది ఎలాస్టిక్ సర్జరీ. పైన జావా కోచింగ్, కింద జాకెట్టు, నడుమ నా జాతకం. ఏం కుట్టాల్నో చెప్పు."

"దీని జాకెట్లల్ల లోపల ఇంత దూది పెట్టి కుట్టెయ్యి. రెండు దిక్కులు ఒక తీరుగ కనవడాలె, గంతే. నువ్వు నాలుగు కుట్లేస్తే అయ్యే పనికి పది గంటల ఆపరేషనా?"

"దూది వద్దు, ఉతికితే ఉండ కడ్తది. లోపల జేబు కుడ్త, దాంట్ల ప్యాడ్ పెట్టుకోవాలె. ఇంతకుముందు సుత కుట్టిన. వసుమతి టీచరని, బల్కంపేట నుంచి వస్తది…"

"వసుమతి మేడం నాకు తెల్సన్నా. నా పక్క బెడ్డే. ఆమె ఈ రెండో ఆపరేషన్ వద్దనుకున్నది. ఇంట్ల ప్యాడ్ సుత పెట్టుకోదు. హాయిగ ఉన్నది."

"సూసినవా! ఆమె ఉండలే?"

"ఆమె అట్ల ఉంటనన్నది, ఉన్నది. నాతోని అయితలేదు. రెండూ తప్పు కాదు అత్తమ్మా."

"నలభై ఏడు నిండినయి నీకు. ఇగ ఎవరికి సూపియ్యాలె? విజయేందర్ సుత చెప్పిండు కద, నాకేం ఫరక్ లేదని."

"చెప్పిండు. నీ కొడుకు మంచోడే. 'నా కోసమైతే వద్దు' అన్నడు. ఆయన కోసమని నేను ఎప్పుడన్న అన్ననా?"

"మరెవరి కోసం?"

"మెట్రో కోసం."

"ఏందీ?"

"ఏం లేదు, తీయ్."

"చెప్పుండ్రి మేడం. గొంతుల ఆగిన మాట చంకల బిగుసుకున్న జాకెట్టు లెక్క, ఊపిరి తియ్యనియ్యది."

"ఎర్రగడ్డ నుంచి బేగంపేట ఆఫీసుకు పోవాలంటే ఇక్కడ అమీర్‌పేటల రైలు మారాలె కదన్నా. పోయిన నెల ఎస్కలేటర్ మీద బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే ప్యాడ్ జారి కింద పడ్డది. వెనకున్న పెద్దమనిషి తీసి, 'మేడం, మీదేదో పడ్డది' అని ఇయ్యవచ్చిండు. చుట్టు అందరు సూస్తున్నరు. నేను… నాది కాదన్న."

"అయ్యో మేడం."

"ఆయన అది పట్టుకొని పైదాక వచ్చిండు, 'మీదేనమ్మా, నేను సూసిన' అనుకుంట. నాది కాదు, నాది కాదని ఉరికినట్టే పోయిన. ఆ రోజంతా ఆఫీసుల ఫైలు ఇట్ల ఛాతికి అడ్డం పెట్టుకొని తిరిగిన."

"నాకు చెప్పలేదు."

"చెప్తే సేఫ్టీ పిన్ను పెట్టుకోమంటవు."

"అంటుంటి. దాంట్ల తప్పేమున్నది?"

"ఏం లేదు. అందుకే చెప్పలే."

"సరే, పెట్టిచ్చుకున్నవే అనుకో. మునుపటి లెక్క అయితదా?"

"కాదు."

"ముట్టుకుంటే తెలుస్తదా?"

"మస్తు వరకు తెల్వదన్నరు. పొట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు కుట్టు పడ్తది. ఒక్కసారితోని అయిపోదు, మల్ల చిన్న చిన్నవి ఉంటయి. అన్నీ చెప్పిండ్రు, అన్నీ తెలిసే పోతున్న."

"మరి ఏం మిగిలింది దాంట్ల?"

"పొద్దున తానం చేసినంక, జాకెట్టు వేసుకునేటప్పుడు, రెండు నిమిషాలు దాని సంగతి మరచిపోవుడు. గా రెండు నిమిషాల కోసమే."

"ఇయ్యాల వద్దంటే ఇగ ఎన్నడు చెయ్యరా మేడం? ఫస్ట్ ఆపరేషన్‌తోనే చేయించుకోవాలె, లేకుంటే లేదు అంటరు కదా?"

"అది సుత ఉత్త మాటే అన్నా. ఎన్నేండ్లైనంకనైనా చేస్తరు. కాని డేట్ దొరకాలె. ఎనిమిది నెలలు తిరిగిన ఈ గురువారం కోసం."

"దాని కిందనే గడ్డ మల్ల లేస్తే మధూ? పైన అంత కప్పినంక కనవడ్తదా?"

"కనవడ్తది. చేత్తోని సూస్తరు, అనుమానమొస్తే స్కాన్ తీస్తరు. కప్పినంత మాత్రాన దాగది. దీంతోని కొత్తగ వచ్చేది సుత లేదు."

"ఎందుకు దాగది? కొంగు కప్పితే ఏదైనా దాగుతది."

"నా కుట్టు కింద ఏదీ దాగది పెద్దమ్మా. కొలత తప్పిందంటే కలతే!"

"నీ జోకులు నీ తాననే పెట్టుకో సాయిలూ. కత్తి తగిలితే పాకుతది. లోపలికి గాలి పోతది. నా చెల్లె నాగేశ్వరికి ఏమైంది? కత్తి సుత కాదు, ఉత్త సూది గుచ్చిండ్రు పరీక్షకని. ఆరు నెలలు తిరుగలే."

"చిన్నత్తమ్మ రెండేండ్లు దాచుకొని, పుండై వాసన వచ్చినంక పోయింది. సూది చంపలే ఆమెను."

"సూది పడేదాక నడిచింది అది! ఇంటెడు పని చేసింది. నొప్పి లేదు అక్కా, ఏం లేదు అన్నది నాతోని…"

"నొప్పి నాకు మాత్రం ఉండెనా? నొప్పి లేని గడ్డ మంచిదే అనుకుంటరు అందరు, గక్కడనే…"

"చాలు! చాలియ్యి. గా మాటలు నాకు చెప్పకు."

"నీళ్లు తాగు పెద్దమ్మా. సీసా అగో, నీ ఎడమ దిక్కు రాక్ మీద."

"నువ్వే తీసియ్యి. గా చెయ్యి లేస్తలేదు. భుజం పట్టుకున్నది."

"ఎప్పటి నుంచి?"

"వయసొచ్చినప్పటి నుంచి. మధూ, గిటు సూడు బిడ్డా. నీ ఆపరేషన్ అప్పుడు గా థియేటర్ బయట బెంచి మీద ఏడు గంటలు కూసున్న. తలుపు తెరిసినప్పుడల్ల నా పానం పోయింది. మల్ల కూసోలేను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి, పోనని."

"ఒట్లెందుకు అత్తమ్మా."

"పెట్టు చెయ్యి. నువ్వు మంచంల పడ్తే నాకెవరున్నరు? రేపు నాకేదన్న అయితే ఎవరు సూస్తరు?"

"నీకేమైతది?"

"ఏం కాదు. మాటకన్న. పెట్టు."

"ఏడ్వకు… అత్తమ్మా, ఏడ్వకు. సరే. ఒట్టు వద్దు. ఫోన్ చేసి వద్దంట. ఇప్పుడే చేస్త, నీ ముందలనే."

"నా తల్లే! నా బంగారు తల్లే!"

"మేడం, జర ఆలోచించుండ్రి…"

"ఆలోచన అయిందన్నా. నువ్వు జేబులు కుట్టు. ఉన్న జాకెట్లన్నిటికీ కుట్టు. హలో? దవాఖానేనా? డేట్లు రాసే మంజూష మేడంతోని మాట్లాడాలె. నా పేరు మధులత, గురువారం డేటు గురించి… ఆ, ఉంట. లైన్ల ఉండమంటున్నది, పాట పెట్టింది."

"మరి కొలతకు ఆది జాకెట్టు ఇయ్యుండ్రి మేడం. నా బుక్కుల ఉన్న పాత కొలతలు ఇప్పుడు పనికిరావు."

"సంచిల ఉన్నదన్నా, నీలిది."

"నీలిది పైననే ఉన్నది, తీసుకో సాయిలూ. కిందికి చెయ్యి పెట్టకు."

"ఇదా? ఇది ఎవని కుట్టు మేడం? చంకల చూడుండ్రి, బర్రె పలుపు లెక్క."

"అది రెడీమేడ్ అన్నా. ఆపరేషన్ అయినంక కొన్న."

"నా కుట్టు ఉండంగ రెడీమేడ్ నుంచి కొలత తీసుకోవాల్నా? నా ఇజ్జత్ ఏం కావాలె! ఇగో, కింద ఇంకోటి ఉన్నది. మామిడిపండు రంగు, చేతులకు జరీ అంచు. ఇగో నా ట్యాగు! మీ చెల్లె పెండ్లికి కుట్టిన మేడం, గుర్తున్నదా? ఇది కదా ఆది జాకెట్టు అంటే."

"గది పక్కన పెట్టు సాయిలూ."

"ఉండు పెద్దమ్మా. అరే… మేడం, దీన్ని ఎవరు ఖరాబు చేసిండ్రు?"

"ఏమైందన్నా?"

"ఎడమ పక్క కుట్టు విప్పిండ్రు. ఒక్కసారి కాదు. విప్పిన చోట సూది బొక్కలు వరసగ ఉండిపోతయి. ఇగో ఒక వరస, ఇది రెండు, ఇది మూడు. మూడు సార్లు విప్పి, వేలు మందం, వేలు మందం వదులుకుంట, చేత్తోని కుట్టిండ్రు. నల్లదారంతోని!"

"ఇటియ్యి సాయిలూ."

"ఆపరేషన్ అయినంక గా దిక్కు బిగియ్యాలె కదా మేడం, ఇది పెంచుకుంట పోయిండ్రేంది? నేను డాక్టర్‌ను కాదు గాని, గుడ్డ అబద్ధం ఆడదు."

"అన్నా, నాది కుడి దిక్కు."

"ఏందీ?"

"నా ఆపరేషన్ అయింది కుడి దిక్కు. ఎడమ కాదు."

"మరి ఇది మీ జాకెట్టే కదా మేడం? ట్యాగు నాది, కొలత మీది…"

"నాదే ఉండె. ఆపరేషన్ అయినంక వేసుకోలేక ఇచ్చేసిన."

"ఎవరికి?"

"ఇటియ్యమంటున్న కదా సాయిలూ! ఎన్నిసార్లు చెప్పాలె!"

"లోపల మరకలున్నయి మేడం. చంక పక్కన పసుపు, ఏదో ఆకు పసరు. ఉతికినా పోలేదు. మీకు కట్టిన కట్టుదేమో అనుకున్న నేను…"

"అత్తమ్మా. ఇది నేను నీకే ఇచ్చిన."

"నాది కాదు."

"అత్తమ్మా."

"నాది కాదన్న కదా!"

"నేను సుత గట్లనే అన్న. ఎస్కలేటర్ మీద. భుజం పట్టుకోలేదు కదా నీకు? చెయ్యి ఎత్తు."

"సాయిలు ఉన్నడు."

"నేను బయటికి పోత పెద్దమ్మా. షట్టర్ సగం దించి నిలబడ్త."

"వద్దన్నా, అటు తిరిగి గుమ్మంల ఉండు, ఎవర్ని రానియ్యకు. అత్తమ్మా, కొంగు తీయకు, ఏం తీయకు. నా చెయ్యి పట్టుకో. నెత్తి మీద పెట్టుమన్నవు కదా. ఇప్పుడు అది ఎక్కడున్నదో అక్కడ పెట్టు."

"నొప్పి లేదు బిడ్డా. అందుకే నేను…"

"పెట్టు."

"ఇగో, గిక్కడ."

"అయ్యో. అయ్యో అత్తమ్మా. కదుల్తలేదు ఇది. రాయి లెక్క ఉన్నది."

"సూది పెడ్తరు మధూ. నాగేశ్వరి లెక్క చేస్తరు నన్ను. నువ్వు మల్ల పంజాగుట్ట పోతే నేను సుత నీ ఎంట రావాలె కదా. గా డాక్టర్ నా మొకం దిక్కు సూస్తే దాచలేనేమో అని… పోయిన సోమవారమే కండ్లు దించుకొని కూసున్న."

"అందుకేనా వద్దు వద్దన్నది?"

"అందుకు సుత. నాకు కొత్తవి రెండు ఎడమ పక్క వదులుగ కుట్టియ్యమని, నువ్వు జర పక్కకు పోయినంక సాయిలుకు చెప్దామనుకున్న. గందుకే సంచిల కింద పెట్టిన."

"తప్పు నాది పెద్దమ్మా. ట్యాగు సూసి మేడందే అనుకున్న. నా ఇజ్జత్, నా కుట్టు అని సంచి కెలికిన."

"నీ తప్పేం లేదన్నా. జాకెట్టు నాదే. గడ్డ ఆమెది. హలో? ఆ, ఉన్న మంజూష మేడం, లైన్లనే ఉన్న. అవును, మధులతనే. గురువారం… గురువారం నాది తీసెయ్యండి. భయపడి కాదు మేడం. నాది ఆగుతది, ఎన్నేండ్లైనా చేస్తరని మీరే అన్నరు కదా. ఆగనిది ఇంకోటి ఉన్నది. ఇంకో పేరు రాసుకోండి. ఇయ్యాల్నే వస్తున్నం, ఆటో ఎక్కితే పది నిమిషాలు. స్వరాజ్యం. అరవై ఆరు. రొమ్ముల గడ్డ, ఎడమ దిక్కు. ఆమె చెల్లెకు సుత ఉండె, చనిపోయింది. లేదు, సూది పరీక్ష కాలేదు. ఏ పరీక్షా కాలేదు. ఆ… ఒక్క నిమిషం, అడుగుత. అత్తమ్మా, ఎప్పటి నుంచి ఉన్నదని అడుగుతున్నరు. రాసుకోవాలంట. చెప్పు. ఎప్పటి నుంచి?"

"నీ గడ్డకంటె ముందు నుంచి."